ఆఫ్రికాలో వన్యప్రాణుల వైద్యం: డబ్బు కట్టి వాలంటీరుగా వెళ్ళొచ్చా?

మండల_డాక్టర్ · సోమవారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. తిరుపతిలో బీవీఎస్సీ చేశాను. మూడేళ్ళుగా చిత్తూరు జిల్లాలో ఒక మండల పశువైద్యశాలలో పనిచేస్తున్నాను. దూడ అడ్డం తిరిగి ఈనలేకపోతున్న ఆవులు, పొదుగువాపు, చిటుకు రోగం, సీజన్ రాగానే గాలికుంటు టీకాలు. పని ఇష్టంగానే చేస్తాను. కానీ ఈ చదువులో చేరిందే అడవి జంతువుల డాక్టరు అవుదామని.

మా వైపు కౌండిన్య అడవి ఏనుగులు పొలాల్లోకి వస్తుంటాయి. పోయిన ఏడాది కరెంటు తీగ తగిలి ఒక ఆడ ఏనుగు చనిపోతే పోస్టుమార్టంలో సాయానికి నన్ను పిలిచారు. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా దాని పక్కనే నిలబడ్డాను. ప్రాణం పోయాక తప్ప ఒక ఏనుగును ముట్టుకునే అవకాశం నాకు రాలేదే అని ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఒక సంస్థ ప్రకటన చూశాను. పశువైద్యుల కోసం దక్షిణాఫ్రికాలో రెండు వారాల వాలంటీర్ ప్రోగ్రామ్. ఖడ్గమృగాలకు మత్తు ఇచ్చి కొమ్ము కత్తిరించడం, జిరాఫీలను తరలించడం, హెలికాప్టర్ నుంచి డార్ట్ (తుపాకీతో పేల్చే మత్తు సూది) వేయడం, అన్నీ ఉంటాయట. ఫీజు, విమానం టికెట్ కలిపితే నాలుగు లక్షలు దాటుతుంది. పర్సనల్ లోన్ తీసుకోవాలి. ఇంట్లో ఇంకా చెప్పలేదు. వెళ్ళొచ్చినవాళ్ళు గానీ, ఆ పని చేసినవాళ్ళు గానీ ఉంటే చెప్పండి. దీనివల్ల అక్కడ ఉద్యోగానికి దారి దొరుకుతుందా?

తోకచుక్క · సోమవారం రాత్రి 10:05

నేను డాక్టర్ని కాదు, జంతువులంటే ప్రాణం, అంతే. వెళ్ళండి సార్. అప్పు ఎలాగో తీరుతుంది, వయసు మళ్ళీ రాదు. ఖడ్గమృగాన్ని తలకిందులుగా హెలికాప్టర్‌కు వేలాడదీసి తీసుకెళ్ళే వీడియో ఒకటి చూశాను. దానికి ఊపిరి ఎలా ఆడుతుందో అని భయమేసింది. నిజంగా అలా చేస్తారా?

అడవిగాలి · మంగళవారం ఉదయం 6:18

డాక్టర్ గారూ, లోన్ దరఖాస్తు పెట్టి ఉంటే ముందు దాన్ని ఆపండి. తర్వాత మాట్లాడుకుందాం.

నేనూ పశువైద్యురాలినే. కెన్యాలో కొన్ని నెలలు పరిశీలకురాలిగా, ఆ తర్వాత ఉగాండా నైరుతి మూలన, బ్విండి అడవి అంచు ఊళ్ళలో పశు ఆరోగ్యం మీద రెండేళ్ళు పనిచేశాను. మొదటిసారి నేనూ డబ్బు కట్టే వెళ్ళాను, అందుకే చెబుతున్నాను.

మీ డిగ్రీకి ఆ దేశంలో రిజిస్ట్రేషన్ ఉండదు. దక్షిణాఫ్రికాలో అక్కడి వెటర్నరీ కౌన్సిల్, కెన్యాలో వాళ్ళ బోర్డు, ఉగాండాలో వాళ్ళ బోర్డు. అందులో పేరు లేనివాళ్ళు వైద్యం చేయకూడదు. అంటే మీరు రెండు వారాలు చేసేది చెవి పట్టుకోవడం, ఊపిరి లెక్కపెట్టడం, నీళ్ళు పోయడం. అవి అవసరమైన పనులే. కానీ నాలుగు లక్షల అప్పుతో నేర్చుకునేవి కావు.

ఇక మత్తు సంగతి. ఏనుగులకు, ఖడ్గమృగాలకు వాడేది ఎటార్ఫిన్. మార్ఫిన్ కన్నా వెయ్యి రెట్లకు పైగా బలమైనది. ఒక చుక్క చర్మం మీది గాయంలోంచి లోపలికి పోయినా మనిషి ప్రాణం పోవచ్చు. అందుకే ఆ సీసా తెరిచేటప్పుడు గ్లవ్స్ ఉంటాయి, పక్కన రెండో డాక్టరు ఉంటారు, మనుషులకు ఇచ్చే విరుగుడు సిరంజిలో ఎక్కించి సిద్ధంగా ఉంటుంది. ముక్కూ మొహం తెలియని వాలంటీరు చేతికి దాన్ని ఎవరూ ఇవ్వరు. ఇస్తామని చెప్పేవాళ్ళయితే అక్కడికి అసలు వెళ్ళకండి.

కెన్యాలో ఒక ఏనుగుకు ఉచ్చు తీయడం చూశాను. డార్ట్ తగిలిన ఎనిమిది నిమిషాలకు పడింది, కానీ పక్కకు ఒరగకుండా రొమ్ము మీద కూలింది. మన ఆవు అలా కూర్చుంటే సంతోషిస్తాం. ఏనుగు అలా పడితే ఆ బరువుకు ఊపిరితిత్తులు ఆడవు, నిమిషాల్లో పోతుంది. బండికి తాడు కట్టి లాగి పక్కకు తిప్పారు. తొండం చివర మూసుకుపోకుండా ఒకాయన చిన్న పుల్ల అడ్డం పెట్టాడు. ఇంకొకాయన చెవిని కంటి మీదికి కప్పాడు, ఎండ పడకుండా. తీగ కాలి ఎముక దాకా దిగి ఉంది. వాళ్ళు ఒక్క మాట లేకుండా పని చేసుకుపోయారు. అందరూ అక్కడివాళ్ళే. ఏళ్ళ తరబడి అదే పని చేస్తున్నవాళ్ళు.

ఆ సంస్థకు మెయిల్ పెట్టి మూడు సంగతులు అడగండి. వైద్యం చేసే లైసెన్సున్న స్థానిక డాక్టరు ఎవరు? ఆ వారం ఆ జంతువుకు మత్తు ఇవ్వాల్సిన అవసరం నిజంగా ఉందా, లేక వాలంటీర్లు వస్తున్నారని ఇస్తారా? కట్టిన డబ్బులో అడవికి ఎంత పోతుంది? జవాబు ఎలా వస్తుందో చూడండి.

తోకచుక్క గారూ, ఖడ్గమృగాన్ని వేలాడదీయడం నిజమే. బండి వెళ్ళలేని కొండల నుంచి తరలించడానికి అదొక మార్గం. నమీబియాలో 12 నల్ల ఖడ్గమృగాల మీద కొలిచి చూశారు. పక్కకు పడుకోబెట్టినప్పటి కన్నా తలకిందులుగా ఉన్నప్పుడు రక్తంలో ఆక్సిజన్ తగ్గలేదు సరికదా, కొద్దిగా మెరుగ్గానే ఉంది.

మండల_డాక్టర్ · మంగళవారం మధ్యాహ్నం 1:30

మేడమ్, చాలా థాంక్స్. లోన్ ఆపాను. మెయిల్ పెడతాను.

బ్విండి అంటే గొరిల్లాల అడవి కదా? మీరు అక్కడ పశువుల మీద పనిచేశానన్నారు. గొరిల్లాలకూ పశువులకూ సంబంధం ఏమిటి? వీలుంటే వివరంగా రాయండి. ఎంత పొడుగున్నా చదువుతాను.

అడవిగాలి · మంగళవారం రాత్రి 11:20

రాస్తాను. ఇది నాకు ఇష్టమైన విషయం.

1996లో బ్విండిలో ఒక గొరిల్లా కుటుంబానికి వెంట్రుకలు రాలిపోవడం, చర్మం పొలుసులు కట్టడం మొదలైంది. ఒళ్ళంతా గోక్కుంటున్నాయి. అప్పుడే చదువు ముగించుకుని ఉగాండా వన్యప్రాణి విభాగంలో తొలి పశువైద్యురాలిగా చేరిన గ్లాడిస్ కలేమా జికుసోకాకు కబురొచ్చింది. ఆమె చేసిన మొదటి పని ఏమిటంటే, మనుషుల డాక్టరు దగ్గరికి వెళ్ళి ఈ చుట్టుపక్కల జనానికి ఎక్కువగా వచ్చే చర్మరోగం ఏదని అడగడం. ఆయన చెప్పింది గజ్జి.

అడవి దాటి అరటితోటల్లోకి వచ్చే గొరిల్లాలు పొలంలో దిష్టిబొమ్మలకు తొడిగిన పాత బట్టలను ముట్టుకునేవి. రోగం అలా అంటుకుని ఉంటుందని ఆమె గ్రహించారు. ఒక పసిపిల్ల గొరిల్లా చనిపోయింది. మిగతావి బాగయ్యాయి.

ఏ మందుతో అనుకున్నారు? ఐవర్‌మెక్టిన్, మనం పశువులకు పురుగులు పోవడానికి వేసేదే. మీ ఆసుపత్రి అల్మారాలో ఈ పూట కూడా ఉండే ఉంటుంది.

అప్పటి నుంచి ఆమె అడిగే ప్రశ్న ఒకటే. ఊళ్ళో జనానికి గజ్జి ఉన్నంత కాలం అడవిలో గొరిల్లాకు ఎన్నిసార్లు సూది వేస్తారు? 2003లో కన్జర్వేషన్ త్రూ పబ్లిక్ హెల్త్ అనే సంస్థ పెట్టి, ఊరూరా ఆరోగ్య వాలంటీర్లను తయారుచేశారు. వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి దగ్గు, గజ్జి, విరేచనాలు చూస్తారు, మరుగుదొడ్ల గురించి, కుటుంబ నియంత్రణ గురించి మాట్లాడతారు. పశువుల పేడ, మనుషుల మలం, గొరిల్లాల మలం మూడూ పరీక్షకు వెళ్తాయి. నేను చేసిన పని ఇందులో పేడ భాగమే. రెండేళ్ళలో గొరిల్లాలను కంటితో చూసింది నాలుగు సార్లు. ముట్టుకున్నది ఒక్కసారీ లేదు.

గొరిల్లాకు, మనిషికి జన్యువుల్లో తేడా రెండు శాతం లోపే. మనకొచ్చే జలుబు దానికి న్యుమోనియా. 2009లో రువాండాలో 12 గొరిల్లాలున్న గుంపులో 11కి దగ్గు పట్టుకుంది. ఒక పెద్ద ఆడ గొరిల్లా, ఒక పసిపిల్ల పోయాయి. పరీక్షిస్తే తేలింది మనుషుల్లో మామూలు జలుబు తెచ్చే వైరస్, మెటాన్యూమోవైరస్. అందుకే చూడటానికి వెళ్ళేవాళ్ళు రోజుకు ఒక గుంపు దగ్గరికి ఎనిమిది మందే, ఒక్క గంటే. దగ్గు, జ్వరం ఉంటే పర్మిట్ ఉన్నా వెనక్కి పంపాలి. ఏడు మీటర్ల దూరం నియమం కోవిడ్ తర్వాత పది అయింది. మాస్కు కూడా వచ్చింది.

మూడు దేశాల్లోనూ, అంటే రువాండా, ఉగాండా, కాంగోలో, ఈ గొరిల్లాలను చూసుకునే ప్రత్యేక డాక్టర్ల బృందం వేరే ఉంది. గొరిల్లా డాక్టర్స్ అంటారు. తన పరిశోధన గుంపులో గొరిల్లాలు ఉచ్చుల వల్ల, జబ్బుల వల్ల చనిపోతుంటే ఒక డాక్టరును పంపమని గొరిల్లాల శాస్త్రవేత్త డయాన్ ఫాసీ అడిగారు. 1985 డిసెంబరులో ఆమె హత్య జరిగింది. డాక్టరు వచ్చింది 1986లో. ఆమె చూడలేదు. అలా మొదలైన బృందంలో ఇప్పుడు ఎక్కువమంది ఆ మూడు దేశాల పశువైద్యులే.

వాళ్ళ రోజు ఎలా ఉంటుందంటే, తెల్లవారగానే జాడలు పట్టే ట్రాకర్ల వెనక బురదలో, దురదగొండి లాంటి ఆకుల మధ్య రెండు మూడు గంటల నడక. గుంపు కనబడితే కూర్చుని చూడటం. ఎవరు తింటున్నారు, ఎవరు తినడం లేదు, ఎవరి ముక్కు కారుతోంది, ఎవరి చెయ్యి నేలకు ఆనడం లేదు. రాసుకుని దిగిరావడం. చాలా రోజులు అంతే. గొరిల్లా ఏ రాత్రికి ఆ రాత్రి కొత్త గూడు కట్టుకుంటుంది కాబట్టి పాత గూట్లో దొరికిన పేడ, వెంట్రుకలతోనే బోలెడు పరీక్షలు చేసుకోవచ్చు. జంతువును కదిలించే పని లేదు.

జింకల కోసం పెట్టిన ఉచ్చులో గొరిల్లా పిల్ల చెయ్యి చిక్కుకున్నప్పుడే అసలు టెన్షన్. పిల్లకు మత్తు ఇవ్వాలి, తల్లికీ ఇవ్వాలి, గుంపును కాసే మగ గొరిల్లాను ట్రాకర్లు గొంతులతో, చేతుల్లో కొమ్మలతో ఆపాలి. అది నూటయాభై కిలోలకు పైగా ఉంటుంది. పని ముగిశాక విరుగుడు ఇచ్చి, లేచి గుంపులో కలిసేదాకా ఆగాలి. ఆ ఆగేది ఎంతసేపో నాకు చెప్పిన ఒక ఉగాండా డాక్టరు గొంతు వణికింది. ఇరవై ఏళ్ళ అనుభవం ఆయనది.

నల్లపిట్ట · బుధవారం ఉదయం 8:50

నేను ఎకాలజీ పీజీ విద్యార్థిని. మేడమ్ రాసింది రెండుసార్లు చదివాను. కానీ ఒక సందేహం వదలడం లేదు. అడవి జంతువును మనం ట్రీట్ చేయడం సరైనదేనా? బలహీనమైనది పోవాలి, బలమైనది మిగలాలి అన్నది ప్రకృతి నియమం. మందులిచ్చి బతికిస్తూ పోతే అది అడవి గొరిల్లానా, పెంపుడు గొరిల్లానా? మా క్లాసులో దీని మీద పెద్ద వాదన జరిగింది. మా ప్రొఫెసర్ గారు కూడా ఒక వైపు తేల్చి చెప్పలేదు.

కంపాలా_తెలుగు · బుధవారం సాయంత్రం 7:10

నేను పదకొండేళ్ళుగా కంపాలాలో ఉంటున్నాను, హార్డ్‌వేర్ వ్యాపారం. బ్విండికి రెండుసార్లు వెళ్ళాను. నల్లపిట్ట తమ్ముడి ప్రశ్నకు డాక్టర్లే జవాబివ్వాలి గానీ, ఊరివాళ్ళ వైపు నుంచి ఒక మాట చెబుతాను.

మొదటిసారి మాతో వచ్చిన ట్రాకర్ వాళ్ళ నాన్న వేటగాడు. ఉచ్చులు పెట్టేవాడు. కొడుకు ఇప్పుడు ఉచ్చులు ఏరేసే ఉద్యోగంలో ఉన్నాడు. 'నాన్నకు నా జీతమే మందులకు సరిపోతోంది' అన్నాడు. రువాండాలో ఒక్క గొరిల్లా పర్మిట్ 1,500 డాలర్లు, 2017 నుంచి. పార్కుల ఆదాయంలో పది శాతం చుట్టుపక్కల ఊళ్ళకు ఇస్తారు. ఉగాండాలో పర్మిట్ అంతకన్నా చవక. కోవిడ్ లాక్‌డౌన్‌లో టూరిస్టులు ఆగిపోతే ఈ ఊళ్ళలో అన్నానికే ఇబ్బంది పడ్డారు. 2020 జూన్‌లో బ్విండిలో ఒక పేరున్న మగ గొరిల్లాను అడవి పందుల కోసం వచ్చిన వేటగాడు బల్లెంతో పొడిచి చంపాడు. దాని పేరు రఫికి. ఆ వార్త విన్నరోజు మా షాపులో పనిచేసే, బ్విండి దగ్గరి కిసోరో కుర్రాడు మధ్యాహ్నం భోజనం చేయలేదు. వాళ్ళ ఊరివాళ్ళకు ఆ గుంపుతో అంత దగ్గరతనం.

జంతువుకు మందు ఇవ్వాలా వద్దా అనేది పుస్తకంలో ప్రశ్న కావచ్చు. అక్కడ మాత్రం గొరిల్లా పోతే ఒక ఊరి బతుకు కుంటుతుంది.

అడవిగాలి · బుధవారం రాత్రి 10:45

నల్లపిట్టా, మంచి ప్రశ్న. అక్కడి డాక్టర్లు కూడా ప్రతిసారీ వేసుకునే ప్రశ్న అదే.

వాళ్ళ నియమం ఇది: మనిషి వల్ల వచ్చిన కష్టమైతే దిగుతారు. ఉచ్చు, మనుషుల జబ్బు లాంటివి. లేదా ప్రాణం పోయేంత ప్రమాదమైతే. రెండు మగ గొరిల్లాలు పోట్లాడుకుని ఒకటి గాయపడితే సాధారణంగా ముట్టరు, చూస్తారంతే. పళ్ళూడిపోయిన ముసలిది గుంపు వెనక పడిపోతే కూడా అంతే. చేతిలో మందు పెట్టుకుని చూస్తూ ఊరుకోవడం సూది వేయడం కన్నా కష్టమని వాళ్ళే చెప్పారు.

బలహీనమైనది పోవాలి అనడానికి ముందు, ఉచ్చు బలాన్ని చూసి పట్టదు కదా. కుతూహలం ఉన్న పిల్లను పట్టుకుంటుంది. ఆ చెయ్యి పోవడంలో ప్రకృతి నియమం ఏముంది?

లెక్క కూడా చెబుతాను. ఆ మూడు దేశాల సరిహద్దులో ఉన్న విరుంగా కొండల్లో 1980లలో మిగిలిన పర్వత గొరిల్లాలు దాదాపు 250. నాలుగు దశాబ్దాల సమాచారం తీసి 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. మనుషులకు అలవాటుపడి, రోజూ కాపలా, వైద్యం అందిన గుంపులు ఏడాదికి 4.1 శాతం చొప్పున పెరిగాయి. అలవాటుపడని గుంపులు 0.7 శాతం చొప్పున తగ్గాయి. ఆ తేడాలో 40 శాతం దాకా వైద్యం వల్లే కావచ్చని వాళ్ళు లెక్కకట్టారు. మిగతాది రోజువారీ కాపలా. ట్రాకర్లను మరిచిపోకూడదు. కాంగో వైపు విరుంగా పార్కులో 200 మందికి పైగా రేంజర్లు చనిపోయారు. వాళ్ళను తలుచుకోకుండా డాక్టర్ల గొప్ప చెప్పడం నాకు ఇష్టం లేదు.

2018 నాటికి విరుంగాలో 604, బ్విండి వైపు 459, మొత్తం 1,063 అని తేలింది. అదే ఏడాది అంతర్జాతీయ జాబితాలో 'తీవ్రంగా అంతరించిపోతున్న' నుంచి 'అంతరించిపోతున్న' అనే మెట్టుకు వచ్చాయి. ఆ వార్త వచ్చిన రోజు నేను హైదరాబాద్‌లో ఆటోలో ఉన్నాను. ఆటో ఆపించి దిగి ఏడ్చాను.

రిటైర్డ్_జేడీ · గురువారం ఉదయం 5:35

మండల డాక్టరు బాబూ, నేను పశుసంవర్ధక శాఖలో ముప్ఫై మూడేళ్ళు పనిచేసి జాయింట్ డైరెక్టరుగా రిటైర్ అయినవాణ్ణి. అడవి జంతువుల వైద్యం నేనెప్పుడూ చేయలేదు. అయినా ఈ చర్చలో నాకొక మాట ఉంది.

నా సర్వీసు మొదట్లో సగం కాలం పశువుల ప్రాణాలు తీసే అంటురోగం రిండర్‌పెస్ట్ టీకాలతోనే గడిచింది. సైకిలు మీద ఐస్ డబ్బా, కాలువ గట్టున మందలు, పారిపోయే ఎద్దులు. మన దేశంలో చివరి కేసు 1995లో వచ్చింది. ప్రపంచం నుంచే ఆ రోగం పోయిందని 2011లో ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి తుడిచిపెట్టిన రెండో రోగం అదే.

ఆ రోగం 1880ల చివర్లో పశువులతో పాటు ఈశాన్య ఆఫ్రికాలో దిగి పదేళ్ళలో దక్షిణం కొస దాకా పాకింది. పది పశువుల్లో ఒకటే మిగిలిన చోట్లున్నాయి. జనం ఆకలితో పోయారు. అడవి దున్నలు, విల్డెబీస్ట్ అనే పెద్ద జింకజాతి జంతువులు కూడా అలాగే పోయాయి. టాంజానియాలో సెరెంగెటీ మైదానంలో ఏటేటా విల్డెబీస్ట్ దూడలు పుట్టి మొదటి ఏడాదే చచ్చిపోయేవి. అది అడవి రోగమే అని అనుకున్నారు. వాల్టర్ ప్లోరైట్ అనే పశువైద్యుడు కెన్యాలో తయారుచేసిన టీకాను సెరెంగెటీ చుట్టూ ఉన్న ఊరి పశువులకు వేశారు. ఒక్క అడవి జంతువుకు కూడా సూది వేయలేదు. పశువుల్లో రోగం ఆగింది, విల్డెబీస్ట్ దూడలు బతకడం మొదలైంది. 1961లో రెండున్నర లక్షలున్న మంద 1977కి పదమూడు లక్షలయింది.

అక్కడితో కూడా ఆగలేదు. అన్ని లక్షల జంతువులు గడ్డి మేసేసరికి ఎండాకాలం తగలబడే గడ్డి తగ్గింది. మంటలు తగ్గాయి. మొక్కలు చెట్లయ్యాయి. ఆవుకు వేసిన టీకాతో అడవి పచ్చబడింది.

ఇది నేను రిటైర్ అయ్యాక ఒక సెమినార్‌లో విన్నాను. విన్నాక ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను, మనం కాలువ గట్టున ఎద్దుల వెంట పరిగెత్తిన పని ఇదేనంట అని. సర్వీసులో ఉండగా ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది. అందుకే నీకు చెబుతున్నాను.

తోకచుక్క · గురువారం ఉదయం 9:15

జేడీ గారూ, చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. మా తాతయ్య గోపాలమిత్ర శిక్షణ తీసుకున్నవాడు. ఇది ఆయనకు చదివి వినిపిస్తాను.

థేమ్స్_ఒడ్డు · గురువారం రాత్రి 8:00

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో పశువైద్యం చదివి, లండన్‌లో వన్యప్రాణి ఆరోగ్యంలో ఎమ్మెస్సీ చేశాను. ఉద్యోగానికి దారి గురించి డాక్టర్ గారు అడిగారు కాబట్టి ఆ సంగతి ముందు చెబుతాను.

లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ, అక్కడి జూలాజికల్ సొసైటీ కలిసి ఈ కోర్సు నడుపుతాయి. ఫీజు ఎక్కువ, స్కాలర్‌షిప్ లేకుండా రావద్దని నా సలహా. మన డిగ్రీతో బ్రిటన్‌లో ప్రాక్టీసు చేయాలంటే వేరే పరీక్ష రాయాలి. ఆఫ్రికాలో చదవాలంటే దక్షిణాఫ్రికాలో ఆండర్‌స్టెపూర్ట్ పశువైద్య కళాశాల, ఉగాండాలో మకెరెరే యూనివర్సిటీ ఉన్నాయి. మన దేశంలో బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థ ఐవీఆర్‌ఐలో వన్యప్రాణి ఎంవీఎస్సీ (పీజీ) ఉంది. డెహ్రాడూన్‌లో వన్యప్రాణి సంస్థ ఉంది. హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ వారి లాకోన్స్ అనే వన్యప్రాణి పరిశోధనశాల ఉంది. మీకు నేనైతే ముందు ఇజ్జత్‌నగర్ చెబుతాను. ఎపిడెమియాలజీ, అంటే రోగం ఎక్కడ పుట్టి ఎటు పోతోందో లెక్కలతో పట్టుకోవడం గట్టిగా నేర్చుకోండి. డార్ట్ వేయగలిగినవాళ్ళు అక్కడ బాగానే ఉన్నారు, తక్కువగా ఉన్నది ఈ పని తెలిసినవాళ్ళే.

ఇంకొకటి. జేడీ గారి మాటకు తోడు నా క్లాసులో విన్న కథ. కజకిస్తాన్ గడ్డి మైదానాల్లో సైగా అనే జింక ఉంటుంది. ముక్కు చిన్న తొండంలా కిందికి వేలాడుతుంటుంది. 2015 మేలో పిల్లల్ని ఈనడానికి మందలుగా చేరిన చోట మూడు వారాల్లో రెండు లక్షలకు పైగా చచ్చిపోయాయి. రోగం సోకిన మందలో ఒక్కటి మిగల్లేదు. తల్లి పక్కనే పిల్ల, పాలు తాగుతూనే. విషమా, రాకెట్ ఇంధనమా అని రకరకాల అనుమానాలు వచ్చాయి. పోస్టుమార్టంలు చేసి తేల్చింది పాశ్చురెల్లా మల్టోసిడా. మనం తొలకరికి ముందు గేదెలకు టీకా వేసేది దేనికి? గొంతువాపుకు. అదే సూక్ష్మజీవి. మామూలుగా అది సైగా గొంతులో హాని చేయకుండా ఉంటుంది. ఆ వసంతంలో మామూలు కన్నా ఎక్కువ వేడి, తేమ కలిసి వచ్చాయి. అప్పుడు రక్తంలోకి దూకింది.

రెండేళ్ళు తిరక్కముందే మంగోలియాలో సైగాలు వేల సంఖ్యలో పోయాయి. ఈసారి గొర్రెలు, మేకల నుంచి వచ్చిన పీపీఆర్, మన పారుడు వ్యాధి. రెండు దేశాలు, రెండు రోగాలు, రెండూ మన మండల ఆసుపత్రి రిజిస్టర్‌లో ఉండేవే.

కజకిస్తాన్ సైగాలు మళ్ళీ పుంజుకున్నాయి, 2023 లెక్కలో పంతొమ్మిది లక్షలు. వేట ఆపితే, దారులు మూయకుండా ఉంటే అవి త్వరగా పెరుగుతాయి, చాలాసార్లు కవలల్ని ఈనుతాయి.

నల్లపిట్ట · గురువారం రాత్రి 9:25

అడవిగాలి మేడమ్, ఉచ్చు గురించి మీరు రాసింది మా గ్రూప్‌లో పెట్టాను. నేను కొంచెం మారాను, పూర్తిగా కాదు. ముసలి గొరిల్లాను వదిలేస్తారన్నది చదివాక నమ్మకం కలిగింది.

థేమ్స్ గారి పోస్టు చూశాక సెరెంగెటీ సింహాల సంగతి గుర్తొచ్చింది. 1994లో అక్కడ మూడింట ఒక వంతు సింహాలు పోయాయి. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వల్ల. తర్వాత తేలిందేమిటంటే అంతకుముందు కరువు వచ్చింది, చిక్కిపోయిన అడవి దున్నల ఒంటి నిండా గోమార్లు, వాటిని తిన్న సింహాలకు గోమార్ల నుంచి వచ్చే బెబీసియా అనే రక్తరోగం కూడా పట్టుకుంది. రెండూ కలిసేసరికి తట్టుకోలేకపోయాయి. మన గిర్‌లో కూడా 2018లో సింహాల్లో డిస్టెంపర్ బయటపడింది, కొన్ని వారాల్లోనే ఇరవైకి పైగా పోయాయి.

డాక్టర్ గారూ, మీ మండలంలో అడవి అంచు ఊళ్ళలో కుక్కలకు టీకాలు పడుతున్నాయా?

మండల_డాక్టర్ · ఆదివారం రాత్రి 10:12

మూడు రోజులుగా ఏం రాయాలో తెలియక ఆగాను.

ఆ సంస్థ నుంచి జవాబొచ్చింది. లైసెన్సున్న డాక్టరు పేరు 'భద్రతా కారణాల వల్ల' చెప్పలేమన్నారు. రెండో ప్రశ్నకు 'ప్రతి బ్యాచ్‌కు కనీసం మూడు డార్టింగ్‌లు గ్యారంటీ' అని రాశారు. అది చదివాక ఇంకేమీ అడగాలనిపించలేదు. వెళ్ళడం లేదు. నాన్నకు అంతా చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, భోజనానికి కూర్చోమన్నారు.

ఇజ్జత్‌నగర్ ప్రవేశ పరీక్షకు పుస్తకాలు తెప్పించాను. ఈసారి రాకపోతే వచ్చే ఏడాది రాస్తాను. ఉగాండా ఆశ వదల్లేదు. కానీ వెళ్ళేనాటికి వాళ్ళకు పనికొచ్చేది ఏదైనా చేతిలో ఉండాలి.

నల్లపిట్ట అడిగినదానికి నిజం చెప్పాలంటే, లేదు. ఊళ్ళో రేబిస్ టీకా క్యాంపు ఏడాదికోసారి పెడతాం, అది కూడా రోడ్డు పక్క ఊళ్ళలోనే. అడవిని ఆనుకుని ఏడు పల్లెలున్నాయి. అక్కడ డిస్టెంపర్ టీకా ఒక్క కుక్కకు కూడా పడలేదు. చిరుత ఆ కుక్కల్ని ఎత్తుకుపోతుందని జనం నాకు రోజూ చెప్పేవారు. ఎన్నిసార్లు విన్నానో, ఒక్కసారి కూడా టీకా గురించి ఆలోచించలేదు. నిన్న రెండు పల్లెలు తిరిగి కుక్కల్ని లెక్కపెట్టాను. నూట నలభై ఆరు. ఇంకా ఐదు పల్లెలున్నాయి.

జేడీ సార్, ఫారెస్ట్ వాళ్ళ అనుమతి కోసం లెటర్ ఎవరి పేర రాయాలి? డిస్టెంపర్ కూడా కలిసి ఉండే కంబైన్డ్ టీకా, రేబిస్ ఒకే రోజు వేస్తే బూస్టర్‌కు వాళ్ళు మళ్ళీ కుక్కల్ని పట్టి తెస్తారా?

రిటైర్డ్_జేడీ · సోమవారం ఉదయం 5:20

డీఎఫ్‌వో గారి పేర రాయి, కాపీ మన జిల్లా ఆఫీసుకు పెట్టు. రేంజర్ గారిని ముందే కలిసి మాట్లాడు, కాగితం తర్వాత వెళ్ళాలి. బూస్టర్‌కు కచ్చితంగా అందరూ తీసుకురారు. సగం వచ్చినా గొప్పే. సంతరోజు పెట్టుకోకు, ఊళ్ళో ఎవరూ ఉండరు. పొద్దున్నే ఆరింటికి, పాలు పితికే వేళకు వెళ్ళు, కుక్కలు ఇంటి దగ్గరే ఉంటాయి. కుక్క మెడకు రంగు దారం కట్టడం మరిచిపోకు, లేకపోతే ఏది వేశావో ఏది వేయలేదో వారానికే తెలియదు.

అడవిగాలి · సోమవారం ఉదయం 7:02

డిస్టెంపర్ టీకా వేసే ముందు ఓ ఇరవై కుక్కల రక్తం తీసి ఉంచండి. ఆ అడవి అంచున వైరస్ ఇప్పటికే తిరుగుతోందో లేదో సీరమ్ చెబుతుంది. పరీక్ష ఎక్కడ చేయించాలో నేను కనుక్కుంటాను. ఐదు పల్లెల లెక్క కూడా పూర్తయ్యాక ఇక్కడే పెట్టండి.

తోకచుక్క · సోమవారం ఉదయం 8:40

మాది మదనపల్లె. మా షాపులో టీకాలు పెట్టుకునే ఐస్ బాక్సులు రెండు ఉన్నాయి, మెడికల్ డిస్ట్రిబ్యూషన్ చేసేటప్పటివి. ఏ రోజు కావాలో చెప్పండి సార్, నేనే బండి మీద తెచ్చిస్తాను.